అల్లికను ఉక్కులో, కంచులో చేస్తే అది అల్లికేనా? ఆస్ట్రేలియా ఆదివాసీల గడ్డి పనితనం గురించి మాట్లాడుకుందాం

ముర్రే_ఒడ్డు (అడిలైడ్)

అందరికీ నమస్కారం. మా కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) వాళ్లు కొత్త లైబ్రరీ ముందు పెట్టబోయే పబ్లిక్ ఆర్ట్ గురించి స్థానికుల అభిప్రాయాలు అడుగుతున్నారు. ఆదివాసీలు అల్లే చేపల బుట్ట ఆకారాన్ని స్టీలుతో పెద్దగా చేసి నిలబెడదామన్నది వాళ్ల ముందున్న ఆలోచనల్లో ఒకటి. వినడానికి బాగుంది. కానీ న్గారింజెరి అనే ఆదివాసీ జాతి వాళ్ల అల్లికలంటే నాకు చాలా ఇష్టం, ఆ ఇష్టం వల్లే ఒక సందేహం పట్టుకుంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ముర్రే నది సముద్రంలో కలిసే చోట, కూరాంగ్ ఉప్పునీటి కయ్యల చుట్టూ ఉన్న నేల న్గారింజెరి వాళ్లది. నీటి ఒడ్డున మొలిచే సన్నటి తుంగలాంటి గడ్డితో బుట్టలు, చాపలు, చేపల మావులు అల్లుతారు. తెల్లవాళ్లు వచ్చి వాళ్లను క్రైస్తవ మిషనరీల శిబిరాల్లోకి, రిజర్వుల్లోకి నెట్టాక ఈ పని నేర్పేవాళ్లు, నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. 1980ల మొదట్లో డొరతీ కార్టిన్యెరి అనే పెద్దావిడ ఒక వర్క్‌షాప్‌లో మళ్లీ నేర్పారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న ఇవాన్ కూల్‌మాట్రీ 1997లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఆస్ట్రేలియా పెవిలియన్‌లో నిలిచిన ముగ్గురు ఆదివాసీ మహిళా కళాకారుల్లో ఒకరయ్యారు. ఒక్క పెద్దావిడ చేతుల్లోంచి పదిహేనేళ్లలో వెనిస్ దాకా!

ఇంతకీ నా సందేహం. అల్లిక అంటే గడ్డి, దాన్ని కోసుకొచ్చిన చోటు, పక్కపక్కన కూర్చుని అల్లే మనుషులు. ఫ్యాక్టరీలో లేజర్‌తో కోసిన స్టీలులో వీటిలో ఏది మిగులుతుంది? మీ ఊళ్లలో ఇలాంటివి ఏమున్నాయి, చూస్తే మీకేమనిపించింది?


నదిగాలి (బ్రిస్బేన్)

మంచి చర్చ మొదలుపెట్టారండీ. నేను కంచు పక్షాన మాట్లాడతాను.

మా దగ్గర గోమా అనే ఆధునిక కళల గ్యాలరీ బయట 'టో రో' అనే కంచు శిల్పం ఉంది. 2016లో, గ్యాలరీకి పదేళ్లు నిండిన సందర్భంగా పెట్టారు. చేసినవారు వాన్యీ జాతికి చెందిన జూడీ వాట్సన్. మీరు చెప్పిన 1997 వెనిస్ ప్రదర్శనలో ఉన్న ముగ్గురిలో ఆవిడ కూడా ఒకరు. టో రో అంటే బ్రిస్బేన్ చుట్టుపక్కల వాగుల్లో, నదిలో ఆదివాసీలు చేపలు పట్టడానికి వాడిన చేతి వల. నారతో చేసిన వస్తువు కదా, కాలంతో పాటు చివికిపోతుంది. అసలు వలలు ఇప్పుడు మ్యూజియంలలో కూడా అరుదు.

ఆ శిల్పం దగ్గర నిలబడి చూస్తే వల కళ్ల మధ్యలోంచి వెనకున్న చెట్లు, మనుషులు కనిపిస్తారు. అంత బరువైన లోహం తేలిగ్గా, వేలాడుతున్నట్టు ఉంటుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఈ దేశంలో వందేళ్లకు పైగా కంచు ఎవరికి పోశారు? గవర్నర్లకు, సైన్యాధికారులకు, భూములు ఆక్రమించుకున్న అన్వేషకులకు. అదే కంచును ఇప్పుడు ఆ నదిలో చేపలు పట్టుకు బతికినవాళ్ల వలకు పోశారు. ఊరి నడిబొడ్డున, ఎండకీ వానకీ తట్టుకుంటూ. గడ్డితో ఆ పని కుదరదండీ.


తుంగచాప (కాకినాడ)

నేను ఆస్ట్రేలియా ఎప్పుడూ రాలేదు. మా అమ్మమ్మ వాళ్ల వైపు తుంగ చాపలు నేసేవాళ్లు ఉండేవారు, అందుకే ఈ చర్చ చూసి ఆగాను. మా దగ్గర నేలమీద మగ్గం పరిచి, జనపనారో నూలో పడుగు కట్టి, తుంగ పోగులు ఒక్కొక్కటే దూర్చి బద్దతో గట్టిగా కొడతారు. న్గారింజెరి వాళ్లకీ మగ్గం ఉంటుందా? గుండ్రటి చాప మగ్గం మీద రాదు కదా, ఎలా చేస్తారు? ఎవరైనా దగ్గర్నుంచి చూస్తే వివరంగా రాయండి.


ముర్రే_ఒడ్డు (అడిలైడ్)

తుంగచాప గారూ, మగ్గం లేదండీ. మొత్తం చేతులతోనే, చుట్టు మీద చుట్టు వేస్తూ పోతారు.

ఎదిగిన కాడల్నే ఏరి తెచ్చి, ఆరబెట్టి దాచుకుంటారు. అల్లేముందు నీళ్లలో తడిపి తడిగుడ్డలో చుట్టిపెడతారు, లేకపోతే వంచినప్పుడు విరిగిపోతాయి. కొన్ని కాడల్ని కట్టలా పట్టుకుని మొదట్లో చిన్న ముడి వేస్తారు. ఆ ముడే బుట్టకు నడిమధ్య. ఇంకో కాడను సూదికి ఎక్కించి, కట్ట చుట్టూ తిప్పి, లోపలి చుట్టులోకి గుచ్చి లాగుతారు. అలా ప్రతి కొత్త చుట్టూ తన పక్క చుట్టుకు కుట్టుకుపోతుంది. పూర్వం సూదులు ఎముకతో చేసుకునేవారు, ఇప్పుడు పెద్ద బెజ్జం ఉన్న ఇనప సూదులు.

అసలు నేర్పు ఎక్కడ తెలుస్తుందంటే, కాడ కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది కదా, కట్ట పలచబడకముందే కొత్త కాడను మధ్యలోకి దూర్చాలి. ఎక్కడ దూర్చారో బయటికి కనిపించకూడదు. చేయి తిరిగినవాళ్లు మాటల్లో ఉండి, అటువైపు చూడకుండానే బొటనవేలితో మందం తడిమి ఇంకో కాడ పెట్టేస్తారు. మొదటిసారి అల్లేవాళ్ల బుట్ట ఒకచోట లావుగా, ఇంకోచోట ఎండిన తీగలా ఉంటుంది.

మెనింగీ దగ్గర క్యాంప్ కూరాంగ్ అని ఒక చోటు ఉంది. 1980ల మధ్యలో న్గారింజెరి వాళ్లే పెట్టుకున్నారు. ఎలెన్ ట్రెవారో గారు అక్కడ ఎన్నో ఏళ్లుగా స్కూలు పిల్లలకు, పెద్దలకు ఈ అల్లిక నేర్పారు. అల్లుతూ కూర్చున్నప్పుడే ఆ నేల చరిత్ర కూడా చెప్తారు. ఆదివాసీ పిల్లల్ని ప్రభుత్వం తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయిన రోజుల గురించి, నది గురించి. చేతులు పనిలో ఉంటే వినేవాళ్లకీ చెప్పేవాళ్లకీ కాస్త తేలికవుతుంది.


ప్రశ్నలపుట్ట (హైదరాబాద్)

అన్నీ చదివాను. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. నడి ఎడారిలో ఆదివాసీ మహిళలు గడ్డితో టొయోటా జీపు చేశారని, దానికి పెద్ద అవార్డు వచ్చిందని ఎక్కడో చదివాను. ఆ ఎడారి మహిళలకు చుట్టు బుట్టలు అల్లడం 1995 తర్వాతే వచ్చిందట. మరి దాన్ని వేల ఏళ్ల సంప్రదాయం అని అమ్మడం సబబేనా? ముప్ఫై ఏళ్ల కిందట వర్క్‌షాప్‌లో నేర్చుకున్నదాన్ని పబ్లిక్ ఆర్ట్‌గా పెట్టి, ఇది మా సంస్కృతి అంటే ఎలా ఒప్పుకోవాలి?


ఎర్రమట్టి (ఆలిస్ స్ప్రింగ్స్)

ఇది నేను చెప్పాలి, ఎందుకంటే నేనుండేది ఆ మధ్యలోనే. ఆరోగ్య శాఖ పని మీద కమ్యూనిటీలకు వెళ్తుంటాను.

మీరు విన్నది నిజమే, ఆ మహిళలు ఎక్కడా దాచలేదు. ఎన్‌పీవై విమెన్స్ కౌన్సిల్ అనే మహిళల సంస్థ 1995లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పాపులాన్‌కుట్జాలో బుట్టల వర్క్‌షాప్ పెట్టింది. మారుమూల ఊళ్లలో ఆడవాళ్లకు సొంత సంపాదన కావాలన్నది ఉద్దేశం. అదే 'జాన్పీ డెజర్ట్ వీవర్స్' అయింది. ఇప్పుడు 26 కమ్యూనిటీల్లో 400 మందికి పైగా మహిళలు అల్లుతున్నారు. ఆ ప్రాంతం 3,50,000 చదరపు కిలోమీటర్లు. మన రెండు రాష్ట్రాలు కలిపినా అంత ఉండవు.

అంతకుముందు వాళ్లకు నార పనే తెలియదనుకోకండి. జుట్టుతో తాడు పేనేవాళ్లు. నీళ్ల దోనెలు నెత్తిన పెట్టుకోవడానికి జుట్టుతో, గడ్డితో, ఈకలతో చుట్టకుదుళ్లు చేసుకునేవాళ్లు. వాటిని మంగురి అంటారు. చేతులకు చుట్టడం, బిగించడం ముందే వచ్చు, 1995లో వచ్చింది కొత్త ఆకారం. ఏడాది తిరక్కుండానే బుట్టలు దాటి కుక్కలు, పక్షులు, బల్లులు, మనుషులంత ఎత్తు బొమ్మలు చేశారు.

టొయోటా సంగతి. 2005లో పాపులాన్‌కుట్జా మహిళలు అసలు బండి సైజులో గడ్డితో అల్లారు. జాతీయ ఆదివాసీ, టోరెస్ జలసంధి దీవుల వాసుల కళా అవార్డుల్లో ఆ ఏడాది మొదటి బహుమతి దానిదే. ఆ బొమ్మే ఎందుకంటే, ఇక్కడ గడ్డి కోయాలన్నా, ఉడుముల వేటకు పోవాలన్నా, తాతల నాటి స్థలాలు పిల్లలకు చూపించాలన్నా, అంత్యక్రియలకు పోవాలన్నా టొయోటా ఉండాల్సిందే. గడ్డి కోతకని బండి బయల్దేరితే అమ్మమ్మలు, మనవరాళ్లు, కుక్కలు అందరూ ఎక్కుతారు. దారిలో నీటి గుంట దగ్గర ఆగుతారు, అక్కడి కథ పాట రూపంలో వస్తుంది. ఆ బండి లేకపోతే ఆ ప్రయాణం లేదు.

సంప్రదాయం అంటే వాళ్ల దృష్టిలో ఆ ప్రయాణం, ఆ కథ, ఆ చోటు మీద హక్కు. 2017లో కాన్‌బెర్రాలోని నేషనల్ మ్యూజియంలో ఏడుగురు అక్కచెల్లెళ్ల కథ మీద పెద్ద ప్రదర్శన పెడితే, ఆకాశంలోకి ఎగిరిపోతున్న అక్కచెల్లెళ్లను జాన్పీ మహిళలే అల్లి ఇచ్చారు. కృత్తికా నక్షత్రాల కథ అది. కథ వయసు ఎవరికీ అందదు. అల్లిక పద్ధతి వయసు ముప్ఫై ఏళ్లు. రెండూ ఒకే బొమ్మలో ఉన్నాయి, నాకైతే అందులో ఏ తప్పూ కనిపించలేదు.


నదిగాలి (బ్రిస్బేన్)

ఎర్రమట్టి గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో ఇప్పుడు ఎంతో పేరున్న చుట్టు బుట్టలు కూడా 1920ల్లో దక్షిణం నుంచి మిషనరీల ద్వారా వెళ్లిన పద్ధతే. అక్కడి ఆడవాళ్లు దాన్ని తీసుకుని తమ ఆకులు, తమ రంగులతో మొత్తం తమదిగా చేసుకున్నారు.


మొగలిపొద (డార్విన్)

ఆ రంగుల గురించి చెప్పకుండా ఉండలేను. నేను ఇక్కడికొచ్చి స్థిరపడ్డాక ఒక ఆర్ట్ సెంటర్ వాళ్లతో కలిసి అడవిలోకి వెళ్లే అవకాశం దొరికింది.

ఇక్కడ వాడేది పాండానస్, మన మొగలి జాతి చెట్టే. నడి మొవ్వలోని లేత ఆకుల్ని పొడుగు కర్రకు కట్టిన కొంకితో పట్టి లాగుతారు. ఆకు అంచుల్లో రంపపు పళ్లలాంటి ముళ్లు. ముందు ఆ అంచులు చీల్చేస్తారు. తర్వాత గోరు ఆకు మందంలోకి దించి, పైపొరనీ కిందిపొరనీ విడదీస్తారు. నాతో వచ్చిన ఆవిడ అటు పక్కనావిడతో ఏదో చెప్పి నవ్వుతూనే ఒకదాని తర్వాత ఒకటి జర్రున చీల్చుకుంటూ పోయారు. నేను ప్రయత్నిస్తే సగం దూరం వెళ్లాక తెగింది, వేళ్ల నిండా గీతలు.

రంగు కోసం వేర్లు తవ్వాలి. అది ఎండలో ఇంకా కష్టం. ఒకరకం చెట్టు వేరును గీకి నీళ్లలో ఉడికిస్తే పసుపు వస్తుంది. అదే నీళ్లలో కొన్ని ఆకుల బూడిద వేస్తే పసుపు ఎరుపుకు తిరుగుతుంది. ఇంకో మొక్క గడ్డ నుంచి ఊదా, గోధుమ ఛాయలు వస్తాయి. ఏ చెట్టు, ఏ కాలం, ఎంత బూడిద అన్నదంతా నోటి లెక్కే. షాపులో ఒక చాప ధర చూసి ఎక్కువనుకునేవాళ్లను ఒక్కసారి ఆ వేరు తవ్వమనాలి.

మానింగ్రిడా వైపు లీనా యారిన్‌కురా గారి పని చూడండి. పాండానస్‌తో, చెట్టు బెరడుతో ఆదివాసీల ఊళ్లలో తిరిగే కుక్కల్ని చేస్తారు. చెవులు, డొక్కలు, నిలబడే తీరు అచ్చం వీధిలో ఎదురయ్యే కుక్కే.


ప్రశ్నలపుట్ట (హైదరాబాద్)

సంప్రదాయం గురించి నాకు జవాబు దొరికింది, ఎర్రమట్టి గారికి ధన్యవాదాలు. ఇంకో ప్రశ్న మాత్రం మిగిలింది. ఊరి మధ్యలో శిల్పం పెట్టి, రిబ్బన్ కత్తిరించి, ఫొటోలు దిగి, ఆదివాసీల పట్ల మా బాధ్యత తీరిపోయిందనుకునే ప్రమాదం లేదా? అదే డబ్బుతో ఆ కమ్యూనిటీకి వేరే మేలు చేయొచ్చు కదా?


కొండవాగు (మెల్‌బోర్న్)

ప్రమాదం ఉంది. కానీ కనబడకపోవడం వల్ల ఇంతకాలం జరిగిన నష్టం కూడా చూడండి.

మా విక్టోరియాలో గుండిజ్‌మారా వాళ్లు రాళ్లతో కాలవలు, అడ్డుకట్టలు కట్టి ఈల్ చేపల్ని పెంచారు. ఆ చోటును బుడ్జ్ బిమ్ అంటారు. కనీసం 6,600 ఏళ్ల నాటిది. ఆ రాతి కట్టల సందుల్లో పెట్టేవి గడ్డితో అల్లిన పొడుగాటి బుట్టలు. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇంత పనితనం ఉన్న మనుషుల గురించి తరతరాల పాఠ్యపుస్తకాలు ఏమన్నాయి? ఇల్లూ వాకిలీ లేక తిరిగేవాళ్లని.

అక్కడి ఆవిడే కోనీ హార్ట్, 1917లో పుట్టారు. వాళ్లమ్మగారు అల్లేవారు కానీ కూతురికి నేర్పనన్నారు. ఇక తెల్లవాళ్ల పద్ధతిలో బతకాలి, ఇదెందుకు అని. కోనీ గారు చిన్నప్పుడు చాటుగా చూసి, అమ్మ పక్కకు వెళ్లినప్పుడు ముట్టుకుని చూసి, ఆ చేతి కదలికను గుర్తుపెట్టుకున్నారు. మొదటి బుట్ట అల్లేసరికి వయసు అరవై దాటింది. ఆ తర్వాత ఇంట్లోవాళ్లకు, అడిగినవాళ్లకు నేర్పారు. ఇవాళ ఆ అల్లిక బతికుందంటే కారణం ఆవిడే.

కన్నకూతురికి కూడా చూపించడానికి తల్లి వెనకాడిన వస్తువును ఊరి కూడలిలో, అందరి కళ్లముందు పెట్టడం చిన్న విషయమంటారా? నేను అనలేను. డబ్బు ఇటా అటా అనే పోటీ పెట్టొద్దండీ, రెండూ వాళ్లకు రావలసినవే. అడగాల్సింది వేరే ఉంది. ఆ శిల్పం ఎవరు చేస్తున్నారు, సంతకం ఎవరిది, డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోంది?


ముర్రే_ఒడ్డు (అడిలైడ్)

కొండవాగు గారి ప్రశ్నలకు నేను ఇంకోటి చేరుస్తాను: ఆ గడ్డి ఎక్కడుంది?

ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. నది ముఖద్వారం దగ్గర బ్యారేజీలు 1940లో పూర్తయ్యాయి. సముద్రపు నీరూ నదినీరూ కలిసే తీరు మారిపోయింది. పైన సేద్యానికి తోడుకోగా కిందికి వచ్చే నీళ్లు తగ్గాయి. 2000ల్లో కరువు వచ్చినప్పుడు దిగువ సరస్సుల ఒడ్లు బురద పగుళ్లయ్యాయి. ఒడ్డు ఎండితే అక్కడి గడ్డి కూడా పోతుంది. గడ్డి మిగిలిన చోట్లలో చాలావరకు ప్రైవేటు కంచెల వెనకే. తమ తాతముత్తాతల నేల మీద నాలుగు కట్టల గడ్డికి అల్లేవాళ్లు ఎవరినో అనుమతి అడగాల్సి వస్తోంది.

నదిగాలి గారు కంచు గురించి చెప్పింది చదివాక లోహం మీద నాకున్న అభ్యంతరం చాలావరకు పోయింది. ఇప్పుడు నేను అనేదేమిటంటే, శిల్పం పక్కనే ఆ గడ్డి మడి కూడా ఉండాలి. మా లైబ్రరీ వెనక వాననీరు నిలిచే గుంట ఒకటి ఉంది. అక్కడ నాటితే బాగా వస్తుంది, తడి ఒడ్డు దాని సొంత చోటు. ఎదిగాక కోసుకునే హక్కు అల్లేవాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వాలి. లైబ్రరీలో వాళ్లు నేర్పడానికి ఒక గది, నేర్పినందుకు సరైన ఫీజు. అప్పుడు ఆ లోహపు బుట్ట దగ్గరికి వచ్చిన పిల్లవాడు అసలు బుట్ట దేంతో చేస్తారో కూడా చేత్తో ముట్టుకుని చూస్తాడు.


తుంగచాప (కాకినాడ)

గడ్డి శాస్త్రీయ నామం వెతికాను, సైపరస్ జిమ్నోకాలోస్ అట. మన చాపల తుంగ కూడా సైపరస్సే! గట్టు మీద అలాంటిది నాటితే వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి, నీళ్లు కూడా తేటపడతాయి. మీ కౌన్సిల్ ఇంజినీర్లకు ఈ ముక్క చెప్పండి, వెంటనే ఒప్పుకుంటారు.


సిడ్నీ_అమ్మలు (సిడ్నీ)

మా తెలుగు సంఘం ఉగాదికి పిల్లలకు ఏదైనా కొత్తగా పెట్టాలనుకుంటోంది. యూట్యూబ్‌లో చూసి ఆదివాసీల బుట్టలు అల్లించవచ్చా? పనిలో పనిగా, అతిథులకు ఇవ్వడానికి చిన్న బుట్టలు ఎక్కడ కొంటే మంచిది?


ఎర్రమట్టి (ఆలిస్ స్ప్రింగ్స్)

అమ్మలు గారూ, యూట్యూబ్ వద్దండీ. మీ దగ్గర ఆదివాసీ అల్లిక కళాకారులు నడిపే వర్క్‌షాపులు ఉంటాయి, వాళ్లనే పిలవండి. ఆదివాసీల భూమి వ్యవహారాలు చూసే లోకల్ ల్యాండ్ కౌన్సిల్‌ని అడిగితే దారి చూపిస్తారు. గంటకు ఎంత, ప్రయాణ ఖర్చెంత అని ముందే అడిగి పూర్తిగా ఇవ్వండి. ఏ ఆకారం నేర్పాలో, ఏ కథ చెప్పాలో ఆవిడే నిర్ణయించాలి. కొన్ని కథలు ఆడవాళ్లకే, కొన్ని మగవాళ్లకే, కొన్ని అసలు బయటివాళ్లకు కావు. అడిగినప్పుడు వద్దంటే అక్కడితో ఆగాలి.

కొనడానికైతే ఆదివాసీల సొంత ఆర్ట్ సెంటర్లు అన్నిటికన్నా మంచివి, చాలావాటికి ఆన్‌లైన్ అమ్మకం ఉంది. కళాకారిణి పేరు, ఊరు, ఏ గడ్డి అన్నది రాసిన చీటీ ఉంటుంది. అది లేకుండా 'అబొరిజినల్ స్టైల్' అని మాత్రమే రాసి ఉంటే వదిలేయండి. ఆదివాసీ కళ పేరుతో అమ్ముడయ్యే సావనీర్లలో సగానికి పైగా నకిలీలేనని ప్రభుత్వ ప్రొడక్టివిటీ కమిషన్ 2022లో తేల్చింది. ఇండోనేషియాలో చేయించిన సరుకును ఆదివాసీల పనిగా చెలామణి చేసినందుకు ఒక టోకు కంపెనీకి 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది.


సిడ్నీ_అమ్మలు (సిడ్నీ)

చాలా థ్యాంక్స్ అక్కా. కమిటీ మీటింగ్‌లో ఇవే మాటలు చెప్తాను. అతిథులకు బుట్టలు తగ్గించి, వచ్చే ఆవిడకు ఫీజు పెంచుదామని అడుగుతా.


ముర్రే_ఒడ్డు (అడిలైడ్)

అందరి మాటలూ కలిపి కౌన్సిల్‌కు అభిప్రాయం రాశాను. న్గారింజెరి కళాకారులకే పని ఇవ్వాలి, డిజైన్ హక్కులు వాళ్ల దగ్గరే ఉండాలి, గుంట ఒడ్డున గడ్డి మడి, కోత హక్కు, లైబ్రరీలో నేర్పే గది. శుక్రవారం ఆఖరి తేదీ. ఇంకేమైనా చేర్చాలా?


కొండవాగు (మెల్‌బోర్న్)

ఒక్కటి చేర్చండి. గడువు. కౌన్సిళ్లు ఆర్థిక సంవత్సరం లెక్కలో జూన్‌లోపు పూర్తి చేయాలంటాయి. గడ్డికి దాని కాలం ఉంటుంది, పెద్దవాళ్లకు అంత్యక్రియలు, కుటుంబ బాధ్యతలు ఉంటాయి. షెడ్యూలు కళాకారులతో కూర్చుని వేయాలని, ఆలస్యమైతే జరిమానా షరతు పెట్టకూడదని స్పష్టంగా రాయండి. ఇక్కడ ఒక ప్రాజెక్టు ఆ షరతు వల్లే మధ్యలో ఆగిపోయింది.


ముర్రే_ఒడ్డు (అడిలైడ్)

చేర్చాను. ఈ రాత్రికే పంపిస్తున్నాను. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.